గోల్ఫాడు స్త్రీలు – బంతి యెన్నిక

బంతియాట మన స్త్రీలకు క్రొత్తది కాదు. కందుకక్రీడావర్ణనము మన కావ్యములందు బెక్కుచోట్ల గలదు. పెండ్లిపందిట వధూవరులు పూబంతు లాడుట నేటికిని గొన్ని యిండ్ల జరుగుచునే యున్నది. గోల్ఫు అను బంతియాట మాత్రము మన సంసారములలో నింకను పురుషుల సొత్తుగనే, అందునను పెద్దయుద్యోగుల సొత్తుగనే తలపబడుచున్నది. అయినను హైదరాబాదున గోల్కొండకోట నయాఖిల్లా మైదానమునను, విశాఖపట్టణపు మైదానమునను స్త్రీలును బాలికలును కఱ్ఱలు చేతబట్టి నడచుట యిప్పుడు వింత గాదు. విదేశములందు స్థిరపడిన మన కుటుంబముల బాలికలకు పాఠశాలలోనే యీ యాట నేర్చుకొను వీలు గలుగుచున్నది. అట్టివారికిని, వారికి సామాను కొనిపెట్టు తల్లులకును నుపయోగపడునని బంతి యెన్నికను గూర్చి నాలుగు సంగతులు వ్రాయుచున్నాము.

బంతి యెన్నికలో నేమున్నది, అన్నియు తెల్లగనే గుండ్రముగనే యుండునుగదా యని కొందఱు సోదరీమణు లనవచ్చును. స్త్రీ యొకతె గోల్ఫుసామాను విక్రయించు దుకాణమునకు బోయి బంతులు కావలెనని యడిగినచో ఏమి జరుగునో చూడుడు. దుకాణదారు రెండవ ప్రశ్న వేయడు. గులాబీరంగు పెట్టె యొకటి తీసి, “ఇవి ఆడవాళ్ల బంతులండి, మెత్తగా ఉంటాయి, దూరం పోతాయి” అని ముందుంచును. మేమును నట్టి పెట్టెలను జూచితిమి. గులాబీరంగుపై మాకు కోపము లేదు. ఆ బంతులును చెడ్డవి కావు. కాని వానిని జేసినవారు స్త్రీకి గావలసినది దూర మొక్కటియే యని తామే నిశ్చయించుకొనిరి. మా దృష్టిలో నిది తలక్రిందులైన లెక్క. దూరము కొట్టలేనివారికే గ్రీను చెంత నిలుచు బంతి యెక్కువ యవసరము. అది యెట్లో చెప్పుటకు ముందు ఆట నెఱుగని వారికొఱకు దాని పద్ధతి కొంచెము చెప్పవలసియున్నది.

గోల్ఫు మైదానమున సాధారణముగా 18 గుంట లుండును. ఒక్కొక్క గుంటకును బంతి నుంచి మొదటి దెబ్బ కొట్టుచోటు వేఱుగ నుండును. అచ్చటినుండి కొన్నివందల గజముల పచ్చికబాట సాగి, చివరకు మిక్కిలి పొట్టిగా గత్తిరించిన నున్నని పచ్చికతిన్నెను జేరును. ఈ తిన్నెకే గ్రీను అని పేరు. దానిలో 4¼ అంగుళముల వెడల్పుగల గుంట యుండును. ఎంత తక్కువ దెబ్బలలో బంతిని గుంటలో వేసిన నంత గెలుపు. ఆడువారు 14 కఱ్ఱలకు మించి వెంట నుంచుకొనరాదు. వానిలో దూరము కొట్టునది డ్రైవరు. గ్రీనుమీద బంతిని మెల్లగా దొరలించునది పట్టరు. ముఖము బాగుగ వెనుకకు వాలియుండి, బంతిని పైకెత్తి దగ్గరలో దించునది వెడ్జి.

ఒక్కొక్క గుంటను నిన్ని దెబ్బలలో ముగింపవలెనని మైదానమువారు నిర్ణయించిన లెక్కను పార్ అందురు. ఆ లెక్కలో ప్రతి గుంటకును పట్టరు దెబ్బలు రెండు చేరియున్నవి. కావున 72 దెబ్బల మైదానమున 36 దెబ్బలు, అనగా సరిగా సగము, గ్రీనుమీదనే. చుట్టుప్రక్కలనుండి వెడ్జితో దించు దెబ్బలను వీనికి గలిపినచో, ఆటలో పెద్దపాలు గుంటకు దగ్గరగనే జరుగునని తేటపడును. డ్రైవరుతో గొట్టదగిన చోట్లు సామాన్యముగా పదునాలుగింటికి మించవు.

ఇప్పుడు అసలు సంగతికి వత్తము. దూరము కొట్టగల పురుషుడు మొదటి దెబ్బతో గ్రీనుకు సమీపించును. రెండవ దెబ్బకు వెడ్జియో, అట్టి చిన్న కఱ్ఱయో చాలును. బంతి యెత్తుగా లేచి నిలువుగా దిగి, పడినచోటికి దగ్గరగనే యాగును. అంత బలములేని స్త్రీకి రెండవ దెబ్బకును పొడుగు కఱ్ఱయే శరణ్యము. ఆమె బంతి పల్లముగా వచ్చి గ్రీనుమీద బడి యావలికి దొరలిపోవును, లేదా గ్రీనును జేరకయే నిలిచిపోవును. ఎట్లయినను మూడవ దెబ్బ గ్రీను వెలుపలినుండియే కొట్టవలెను. ఆ బంతి గుంటప్రక్కన నాగినచో పార్ దక్కును. పదియడుగు లావలికి దొరలినచో ఒక దెబ్బ నష్టము. ఇట్టి సందర్భము పురుషునికి పూటకు నాలుగైదు సారులు వచ్చిన, ఆమెకు పదిసారులు వచ్చును. ఆ పదిసారులును బంతి నిలుచునా, దొరలునా యన్నదానిపైననే ఆమె యాట యంతయు నాధారపడియున్నది.

ఇది యూహామాత్రము గాదు. 1998లో బెంగుళూరున జన్మించిన అదితీ అశోక్ సంగతి మన పాఠకులలో బెక్కుమంది యెఱుగుదురు. 2020లో జరుగవలసి యొక యేడు వాయిదాపడిన టోక్యో ఒలింపిక్కులు 2021 ఆగస్టులో జరిగినపుడు, గోల్ఫన నేమో యెఱుగనివారుకూడ మన దేశమున తెల్లవారుజాముననే మేల్కొని యామె యాట జూచిరి. ఆ వేసవిలోనే యామెకు కోవిడు సోకి తగ్గియుండెను. ఒంటిబలము పూర్తిగా రాలేదు. డ్రైవరు దూరమున నామె యచ్చటి క్రీడాకారిణులలో నడుగునుండి లెక్కింపదగినవారిలో నొకతె. అయినను నాలుగు దినములలో నామె కొట్టిన దెబ్బలు 269. స్వర్ణపతకము గెలిచిన అమెరికాయువతి నెల్లీ కోర్డాకు 267. జపానుకు జెందిన మోనే ఇనామీకిని, న్యూజీలండునకు జెందిన లిడియా కో కును 268. ఒక్క దెబ్బలో నదితికి పతకము తప్పి నాలుగవ స్థానము దక్కెను. దూరమున వెనుకబడినదాని నంతటిని వెడ్జితోడను పట్టరుతోడను గ్రీను చెంతనే యామె రాబట్టుకొనెను. ఆమె కఱ్ఱలసంచి మోసి వెంటనడచినది కన్నతల్లి మహేశ్వరి యనుట మన పత్రికలో జెప్పకుండ నుండలేము. అంతకు పూర్వము 2016లో రియోలో తండ్రి మోసెను.

స్త్రీలకు దూరము వలదని, లేదా దూరమే లేదని, చెప్పుట గోల్ఫులో చాల పాతకథ. స్కాట్లండులోని సెంటాండ్రూసు పట్టణమున 1867లో స్త్రీలు తమకై యొక సమాజము నేర్పఱచుకొనిరి. అది పట్టరు మాత్రమే వాడు సమాజము. ఎత్తుపల్లములుగల యొక పచ్చికతిన్నె వారి కొసగబడెను. ఆ తిన్నెకు హిమాలయములని పేరుపెట్టిరి; అది నేటికిని నున్నది. కఱ్ఱను భుజమునకు పైగా నెత్తి కొట్టుట కులస్త్రీకి దగదని యానాటివారి తలంపు. 1890లో వెలువడిన యొక గోల్ఫుగ్రంథమున స్త్రీలకు 70, 80 గజముల దెబ్బ చాలునని ప్రభువొకరు వ్రాసిరి. వారికి శక్తిలేక కాదట, భుజముపైకి కఱ్ఱ నెత్తవలసివచ్చునని! మూడేండ్లకే, 1893లో, బ్రిటనులో స్త్రీల గోల్ఫుసంఘ మేర్పడి పోటీలు మొదలయ్యెను. మొదటి మూడేండ్లును లేడీ మార్గరెట్ స్కాట్ గెలుచుచువచ్చెను. మొదట నడ్డుపెట్టినవారు స్త్రీకి దూరము వలదనిరి. నేటి గులాబీ పెట్టెవారు దూరము దప్ప వేఱేమియు వలదనుచున్నారు. రెంటిలోను స్త్రీని అడిగి చేసినది లేదు.

గోల్ఫు నిబంధనలలో స్త్రీల బంతి, పురుషుల బంతి యను భేదమే లేదు. బంతి బరువు 45.93 గ్రాములకు మించరాదు; వెడల్పు 42.67 మిల్లీమీటర్లకు దగ్గరాదు. ఇవి యందఱకు నొక్కటే. వృత్తిగా నాడు స్త్రీలును పురుషులు వాడు మేలురకపు బంతులనే వాడుచున్నారు.

ఇక బంతి యెట్లు నిలుచునో చూతము. వెడ్జి ముఖము వెనుకకు వాలియుండుటచేత, అది బంతిని దాకినపుడు బంతి ముఖముపై కొంచెము పైకి ప్రాకబోవును. ముఖముపై నడ్డముగా చెక్కిన సన్నని గాళ్లుండును. బంతి పైపొర వానిని గట్టిగా గఱచి పట్టినచో, బంతి జాఱక, వెనుకకు గిరగిర తిరుగుచు బయలుదేఱును. దీనినే ఆటవారు స్పిన్ను అందురు. బంతి గ్రీనుమీద బడినపుడు ఆ వెనుకతిరుగుడు ముందునకు బోవు వేగమున కడ్డుపడి బంతి నాపును. నిపుణులు వెడ్జితో నిండుగ గొట్టిన బంతి నిమిషమునకు సుమారు 9,000, 10,000 చుట్లు తిరుగును. అదే బంతి డ్రైవరుతో గొట్టినపుడు సుమారు 2,500 చుట్లు మాత్రమే. కఱ్ఱయు బంతియు నొకదానినొకటి తాకియుండు కాలము సెకనులో రెండువేలవ వంతు. ఈ గఱచుట యంతయు నా లిప్తలోనే జరిగిపోవలెను.

గఱచుపని పైపొరది. ఇచ్చట వంటయింటి పోలిక యొకటి చెప్పెదము. పూరీపిండిముద్దను గట్టి పీటమీద బెట్టి కఱ్ఱతో నొత్తినచో, పిండి రెండు గట్టివస్తువుల నడుమ నలిగి కఱ్ఱకు బాగుగ నంటును. అదే ముద్దను దూదిదిండుపై బెట్టి యొత్తినచో నొత్తిడి యంతయు దిండులోనికి బోవును, పిండి కదలదు. మేలైన బంతి మొదటి విధముగా నుండును. పైన యురేథేన్ అను మెత్తని పదార్థపు పలుచని పొర, దాని క్రింద గట్టి పొర, నడుమ రబ్బరు గుండు. వెడ్జి యుక్కుముఖమునకును లోపలి గట్టిపొరకును నడుమ జిక్కి పలుచని పైపొర గాళ్లలోని కొదుగును. చవుకబంతులకు సామాన్యముగా అయనోమరు అను గట్టి నున్నని పదార్థపు పొర యుండును. సర్లిన్ అనునది ఆ జాతిదే. దానికి గఱచు గుణము తక్కువ. బంతి ముఖముపై జాఱి, తిరుగుడు తక్కువై, గ్రీనుమీద బడి పరుగెత్తును. డ్రైవరు దెబ్బకు గుండంతయు నొక్కుపడును గావున పైపొర భేదము అంతగా తెలియదు. అందుచేతనే డ్రైవరుతో మాత్రము కొట్టిచూచి బంతి నెన్నుకొనుట, కొంగు రంగు మాత్రము చూచి చీర కొనుటవంటిది.

మెత్తని బంతి యను మాట యిచ్చట మిక్కిలి మోసపుచ్చును. ఆడువారి బంతి మెత్తనిదని దుకాణదారు చెప్పినది అబద్ధము గాదు. కాని ఆ మెత్తదనము లోపలి గుండుది. తక్కువ బలముతో గొట్టినను నొక్కుపడునట్లు దానిని మెత్తగా జేసిరి. పైపొర మాత్రము గట్టిదే. గ్రీను చెంత గావలసిన మెత్తదనము పైపొరది. పనసపండు లోపల మెత్తనిదేగదా యని యెవ్వరైన పైతొక్కను నిమురుదురా? బంతి చేతబట్టి నొక్కి చూచిన నీ భేదము తెలియదు. పెట్టెమీది యక్షరములు చదువవలెను. యురేథేన్ కవరు అని యున్నదా యన్నదే చూడవలసినది. రెండు భాగములది, మూడు భాగములది, నాలుగు భాగములది యని భాగముల సంఖ్య పెద్దయక్షరములతో వేయుదురు గాని, మూడు భాగముల బంతికి గూడ అయనోమరు పొర వేయువారున్నారు. సంఖ్యను జూచి మోసపోరాదు.

ఈ మేలు బంతి చాలకాలము దొరకలేదు. తొలినాళ్లలో తోలుసంచిని గుట్టి, యుడికించిన ఈకలను దానిలో గూరి బంతి చేయుచుండిరి. ఆఱునపుడు ఈకలు ఉబ్బును, తోలు బిగియును, అంతట గట్టిపడును. పనివాడు దినమునకు మూడు నాలుగు బంతులకంటె చేయజాలకుండెను. 1848 ప్రాంతమున మలయాదేశపు చెట్టుపాలనుండి వచ్చు గట్టాపర్చా బంతులు వచ్చెను. ఇవి చవుక. నున్నని క్రొత్తబంతులకంటె దెబ్బలు తిని గీతలు పడినవే చక్కగా నెగురుచున్నవని యాడువారు కనుగొని, క్రొత్తవానిపైనను గీతలు చెక్కసాగిరి. నేటి బంతిమీది గుంతలకు మూల మిదియే. 1898లో అమెరికాలో కోబర్న్ హాస్కెల్ అను నాతడు రబ్బరు దారమును బిగువుగ జుట్టి లోపలి గుండు చేయు మార్గమును గనుగొనెను. దానిపై బలాటా యను చెట్టుపాలపొర, తరువాతి కాలమున దానిని బోలిన కృత్రిమపు పొర వేసిరి. బలాటా చక్కగా గఱచును. గ్రీనుమీద బంతి నిలుచును. కాని కఱ్ఱ యంచు తగిలినచో నవ్వినట్లు చీలును. కొన్ని గుంటలాడగనే పాడగును. 1960 దాటిన తరువాత సర్లిన్ పొర వచ్చెను. అది చీలదు, దూరము పోవును, కాని నిలువదు. సుమారు ముప్పదియేండ్లు ఆడువారికి గతి యిదియే: నిలుచునది కావలెనన్న డబ్బు పోవును, మన్నునది కావలెనన్న గ్రీను దాటిపోవును.

2000వ సంవత్సరమున నీ చిక్కు విడిపోయెను. ఆ జూనులో టైగర్ వుడ్స్ దారపుచుట్టలేని క్రొత్తబంతితో నాడి అమెరికా ఓపెన్ పోటీని 15 దెబ్బల యాధిక్యముతో గెలిచెను. అదే యేట అక్టోబరులో టైటిలిస్టువారి ప్రో వీ1 పోటీలలో ప్రవేశించెను. గట్టి రబ్బరు గుండు, దానిపై గట్టి పొర, పైన పలుచని యురేథేన్. కొలదికాలములోనే దారపు బంతులు పోటీలనుండి మాయమయ్యెను. దూరమును, నిలుకడయు, మన్నికయు నొక్కబంతిలో దొరకుట అప్పటినుండియే. ఇప్పుడు పలువురు వ్యాపారులు ఇట్టి బంతులు చేయుచున్నారు. కావున నొక పేరును పట్టుకొని వ్రేలాడ నక్కఱలేదు.

ఎన్నుకొను విధమును మేమిట్లు చెప్పుదుము. గ్రీనునుండి వెనుకకు రావలెను. డ్రైవరునుండి ముందునకు గాదు. రెండు రకముల బంతులు మూడేసి తెచ్చుకొని, అభ్యాసపు గ్రీను వెలుపల నిరువది యడుగుల దూరమున నిలువుడు. గ్రీనుమీద నొకచోట చేతిగుడ్డ పఱచి, బంతిని దానిమీద దించుటకు యత్నింపుడు. ఒక్కొక్క రకముతో పదేసి దెబ్బలు, కఱ్ఱ మార్చక కొట్టి, గుడ్డనుండి బంతి యెంతదూరము దొరలెనో యడుగులతో కొలువుడు. ఒకటి రెండు దెబ్బలు చూచి తీర్పు చెప్పరాదు. మన చేయి చేసిన తప్పు బంతి తప్పుగా దోచును. పిమ్మట నలుబది యేబది గజముల దూరమునుండి యట్లే చేయుడు. తరువాత పట్టరుతో నెట్టి చూడుడు. బంతి తాకిడి చేతికి, చెవికి నచ్చవలెను. ఇది రుచికి సంబంధించిన సంగతి. కడపట డ్రైవరు. మెల్లని దెబ్బ కొట్టువారికి రెండురకముల నడుమ దూరపు భేదము సామాన్యముగా కొలది గజములే యుండును. ఆ కొలది గజములకొఱకు పది గుంటలకడ నిలుకడను వదలుకొనవలెనా యని యపుడు మీరే లెక్క చూచుకొనగలరు. ఒకమాఱు నిశ్చయించిన తరువాత ఆ రకమునే వాడుడు. పూటకొక రకము వాడినచో బంతి యెంత దొరలునో చేతి కెన్నటికి తెలియదు.

ధరమాట దాచిన ప్రయోజనము లేదు. అమెరికాలో మేలురకపు బంతులు పన్నెండింటికి సుమారు 50 డాలర్లును, అంతకు మించియు నగును. సాదాబంతులు అందు సగమునకే దొరకును. మన దేశమున దిగుమతి సుంకము చేరి యింకను ప్రియమగును. కావున క్రొత్తగా నేర్చుకొనుచు, పూటకు నాలుగైదు బంతులు పొదలపాలు చెరువులపాలు చేయువారు సాదాబంతులతోనే యాడుట సంసారపక్షము. బంతిని నడుమ గాక తలమీద కొట్టు దశలో పైపొర యేదైనను స్పిన్ను పుట్టదు. ఒక పూట యంతయు నొకటి రెండు బంతులతో ముగింపగలిగిన నాడు మేలురకమునకు మారవచ్చును. పేరుమోసిన వ్యాపారులవి గాక, యురేథేన్ పొరతోనే కొంత చవుకగా నమ్ము రకములును గలవు. మొదట వానిని జూచుట మంచిది. చెరువులలోనుండి తీసి రంగు వేసి క్రొత్తవానివలె నమ్ము బంతులున్నవి. వానిపై పొర యెట్టి స్థితిలో నున్నదో కంటికి గానరాదు. వానిని గొనుమని మేము చెప్పజాలము.

మంచి బంతి కొని మురికి కఱ్ఱతో కొట్టినచో నెయ్యి కొని మాడుచట్టిలో గాచినట్లే. వెడ్జి గాళ్లలో మన్నును గడ్డియు నిండియున్నచో బంతి గఱచుట కెడము లేదు. తడిగుడ్డ యొకటి సంచికి గట్టుకొని ప్రతి దెబ్బకు ముందు ముఖమును తుడిచి, పొడిగుడ్డతో నద్దవలెను. చాలకాలము వాడిన వెడ్జి గాళ్లు అరిగిపోవును. అట్టిదానితో నే బంతియు నిలువదు. గుబురుగడ్డిలో నున్న బంతికి కఱ్ఱకు నడుమ గడ్డిపోచలు చిక్కి తిరుగుడు తగ్గును. అపుడు బంతి దొరలునని ముందే యెంచి, గుంటకు చాల ముందుగనే దానిని దించవలెను. తెల్లవాఱి మంచులో నాడునపుడును, వానవెలిసిన వెంటనే యాడునపుడును తడిచేత నిదియే జరుగును. చీలిన బంతులను, పైపొర గీరుకుపోయినవానిని పోటీయాటకు దీసికొనిపోరాదు గాని పాఱవేయ నక్కఱలేదు. పెరటిలో నొక పాతబుట్టను దూరముగ నుంచి, సాయంకాలమున పది దెబ్బలు దానిలోనికి దించుకొనుటకు అవియే చాలును.